మాత్ర వేసినా పిల్లికి పురుగులు మళ్లీ ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: మేం చెన్నైలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా రెండేళ్ల పిల్లి తోక కింద, అది పడుకునే దుప్పటి మీద బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. కొన్ని కదులుతున్నాయి కూడా. షాపులో పైరాంటెల్ సిరప్ ఇస్తే పోశాం, తగ్గలేదు. తర్వాత పశువైద్యుడు మాత్ర వేస్తే పోయాయి కానీ, నెల తిరగకుండానే మళ్లీ మొదలు. పిల్లి గడప దాటదు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చూసినవి బద్దెపురుగు ముక్కలు. పైరాంటెల్ ఏలిక పాముల మీద, కొంకి పురుగుల మీద పనిచేస్తుంది, బద్దెపురుగును ఏమీ చేయదు. ప్రాజిక్వాంటెల్ అనే మందు దాన్ని చంపుతుంది. మీ డాక్టర్ వేసింది అదే అయ్యుండాలి. అయితే దాని ప్రభావం ఆ పూటకే. పిల్లికి కొత్తగా పురుగు పడితే ఆపలేదు.

ఈ పురుగు ఎక్కువగా పిల్లి ఒంటి మీద గెంతే ఫ్లీ అనే చిన్న పురుగుల ద్వారా వస్తుంది. పిల్లి ఒళ్లు నాకుతూ ఒక ఫ్లీని మింగితే చాలు, మూడు వారాల్లో మళ్లీ గింజలు కనబడతాయి. ఇంట్లోనే ఉండే పిల్లికి ఫ్లీలు ఎక్కడివి అంటారేమో! మెట్ల మీద పడుకునే వీధి పిల్లులు, కుక్కలు చాలు. చెన్నైలో ఫ్లీలు ఏడాదంతా ఉంటాయి. పిల్లిని సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి దూది మీద వేయండి. ఎర్రగా మారితే ఫ్లీలు ఉన్నట్టే.

కాబట్టి మాత్రతో పాటు, పిల్లుల కోసమే తయారైన ఫ్లీ మందు కూడా డాక్టర్ చెప్పినట్టు కనీసం మూడు నెలలు వాడండి. ఫ్లీ పిల్లలు ఎదిగే గూళ్లు సోఫా సందుల్లో వారాల తరబడి బతుకుతాయి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. ఒక్క విషయం గట్టిగా చెబుతాను: కుక్కలకు వాడే పర్‌మెత్రిన్ మందును పిల్లికి ఎట్టి పరిస్థితిలోనూ రాయకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. చవకగా వస్తుందని రాసేవాళ్లున్నారు.

పాప గురించి మరీ భయపడకండి. ఆ ఫ్లీని మింగితేనే ఈ పురుగు తనకు వస్తుంది, అది చాలా అరుదు. ఏలిక పాముల విషయం వేరు, వాటి గుడ్లు పిల్లి మలంతో వచ్చి మట్టిలో చాలాకాలం ఉంటాయి. లిట్టర్ ట్రే రోజూ మీరే శుభ్రం చేయండి, పాపను దగ్గరికి రానివ్వకండి, చేతులు సబ్బుతో కడిగించండి.

పిల్లి చిక్కిపోతున్నా, మలంలో రక్తం పడుతున్నా తాజా మలం చిన్న డబ్బాలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పేగుల్లో చేరే జియార్డియా లాంటి సూక్ష్మజీవులు కంటికి కనబడవు, ల్యాబ్ పరీక్షలోనే తెలుస్తాయి.