కొత్తగా దిగినవాళ్లను అసోసియేషన్ పనుల్లో ఎలా కలుపుకోవాలి?

హైదరాబాద్‌లో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, కొత్తవాళ్లు చాలామందే వచ్చారు, మీటింగ్‌లో మాత్రం పాత ముఖాలే అని రాశారు కదా. కొత్తవాళ్లకు మీ తొలి పలకరింపు ఏమిటో ఒకసారి చూసుకోండి. అది మెయింటెనెన్స్ బాకీ గురించో, డ్రిల్లింగ్ మోత గురించో అయితే ఆ మనిషి మీటింగ్ వైపు చూడరు.

సామాను దిగిన రెండు మూడు రోజుల్లో కమిటీ నుంచి ఒకరు, పక్క ఫ్లాట్ నుంచి ఒకరు కలిసి వెళ్లండి. పది నిమిషాలు చాలు. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తర్వాత ఇవ్వొచ్చు, ముందు ఒక్క పేజీ ఇవ్వండి: మంజీరా నీళ్లు (వాటర్ బోర్డు సరఫరా) ఎప్పుడొస్తాయి, బోరు నీళ్లు ఏ కుళాయిలో, చెత్త ఎన్నింటికి తీస్తారు, లిఫ్ట్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి. వాళ్ల ఫ్లాట్ నీళ్ల వాల్వు ఎక్కడుందో దగ్గరుండి చూపించండి. అర్ధరాత్రి పైపు ఊడినప్పుడు ఆ వాల్వు దొరక్కే కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది.

కొనుక్కున్నవాళ్లయితే ఇంటీరియర్ పనులుంటాయి. మనస్పర్థలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. డ్రిల్లింగ్ వేళలు, పగలగొట్టిన శిథిలాల (డెబ్రిస్) సంచులు పెట్టే చోటు, తిరిగిచ్చే డిపాజిట్ ఎంతో పని మొదలవకముందే రాసివ్వండి. మేస్త్రీకీ ఒక కాపీ ఇవ్వాలి, పగలంతా అక్కడుండేది ఆయనే. బాత్‌రూమ్ టైల్స్ పగలగొడితే కింద వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుంది. మళ్లీ వేయించి, కనీసం 24 గంటలు నీళ్లు నిలిపి చూశాకే టైల్స్ వేయమనండి. లేదంటే నెలల తర్వాత కింది ఫ్లాట్‌లో చెమ్మ దిగుతుంది, ఇరుగుపొరుగు మాటలు ఆగిపోతాయి.

డబ్బు లెక్క కనిపించకపోతే ఎవరికీ నమ్మకం కలగదు. ప్రతి నెలా 5వ తేదీలోపు ఒక పేజీ పెట్టండి: పాత నిల్వ, వసూలు, ట్యాంకర్లు, కరెంటు, వాచ్‌మన్ జీతం, లిఫ్ట్, మిగిలింది. బాకీదారుల జాబితా గ్రూపులో పెట్టొద్దు, విడిగా అడగండి. వాట్సాప్‌లో కూడా నోటీసుల గ్రూపు వేరు, కబుర్ల గ్రూపు వేరుగా ఉంచండి. గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద మీటింగ్ నోటీసు మునిగిపోతే, రాలేదని కొత్తవాళ్లను అనలేం.

ఇక పని అప్పగించడం. "కమిటీలోకి రండి" అంటే రెండేళ్ల బరువని జనం జంకుతారు. చిన్నది, గడువున్నది అడగండి: లిఫ్ట్ ఏఎంసీకి (ఏడాది నిర్వహణ ఒప్పందానికి) మూడు కొటేషన్లు తేవడం, సంపు కడిగే రోజు దగ్గరుండటం, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల రీఫిల్ తేదీలు చూడటం, వినాయక చవితి చందాల లెక్క రాయడం. అద్దెకున్నవాళ్లకు మీ బైలాస్‌లో ఓటు లేకపోయినా ఈ పనులకు అడ్డేమీ లేదు. నీళ్లు, పార్కింగ్ ఇబ్బందులు వాళ్లూ రోజూ పడతారు కాబట్టి మంచి సలహాలు వాళ్ల దగ్గరా ఉంటాయి.

మీటింగ్ ఆదివారం ఉదయం పెట్టండి. మూడే అంశాలు, గంటలో ముగించాలి. కొత్తవాళ్ల ప్రశ్నలు మొదటి అంశంగా పెట్టండి, చివరికి నెడితే వాళ్ల వంతు రాదు. జాయింట్ సెక్రటరీ కోసం వెతికేటప్పుడు, చిన్న పనులు చక్కగా చేసినవాళ్లనే ముందు అడగండి.