ఆరోగ్య వార్తలు చూసే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వెబ్ డెస్కులో ఆరోగ్య వార్తల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. కారణం తేలని జబ్బు ఊరిమీద పడినప్పుడు ఎలా రాయాలని అడిగావు. ఏలూరు సంగతే చెబుతాను.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలై, కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. అనుమానం మొదట తాగునీటి మీదికి, అందులో కలిపే క్లోరిన్ మీదికి పోయింది. ఆ తరువాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. నెల మధ్యకల్లా నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అంటే పది పన్నెండు రోజుల్లో కారణం రెండుసార్లు మారింది.

ఆ ఊళ్లోనే ఉన్న మా అక్కయ్య "నీళ్లే కొంప ముంచాయా?" అన్న శీర్షిక ఫోనులో చూసి, బిందెల్లో పట్టుకున్న కుళాయి నీళ్లన్నీ పెరట్లో పారబోసింది. ప్రశ్నార్థకం పెట్టాం కదా అని డెస్కు అనుకుంటుంది గాని, భయంలో ఉన్న మనిషి కంటికి ఆ గుర్తు ఆనదు. మున్సిపల్ నీరు అందని ఇళ్లలోనూ జబ్బు కనిపించిందని తరువాత వచ్చిన వార్త ఆమెదాకా చేరనే లేదు. మొదటి లింకు మాత్రం బంధువుల వాట్సాప్ గ్రూపులో వారాల తరబడి తిరిగింది.

అందుచేత, కథనం మొదట్లోనే ఈ మాట ఎవరన్నారో, ఏ పూటకు అన్నారో, ఇంకా ఏ పరీక్షల ఫలితం రావలసి ఉందో రాయి. కొత్త సంగతి తెలిసినప్పుడు మరో కథనం వేసి ఊరుకోకుండా, పాత లింకులోనే పైన తేదీతో సవరణ పెట్టి, శీర్షికనూ థంబ్‌నెయిల్‌నూ మార్చు. దినపత్రిక మర్నాటికి పాతబడుతుంది, లింకు పాతబడదు. అంకెల దగ్గర మరీ జాగ్రత్త: మొత్తం బాధితులు, ఇళ్లకు వెళ్లినవారు, విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు పంపినవారు అని విడివిడిగా చూపకపోతే, కోలుకున్నవారు కూడా ఇంకా మంచంమీదే ఉన్నట్టు జనం భయపడతారు.

ఆనాటి ఏలూరు కథనాలు మీ సైటులో ఇంకా ఉండే ఉంటాయి. తీరిక దొరికిన రోజున వాటిని తెరిచి, సవరణ లేనివాటికి నీ చేత్తో సవరణ పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న