రామేశ్వరంలో మూడు బావులు బాకీ

రాజమండ్రి,
కార్తీక పౌర్ణమి మర్నాడు

చిన్నోడా,

ఇద్దరికీ ఆశీస్సులు. ఫోన్ చేసి చెప్పొచ్చు గానీ, ఫోనులో నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అంటూ టీవీ చూస్తుంటావని నాకు తెలుసు. 38 ఏళ్ళు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలకీ ముద్రలు కొట్టావు. నీ పేరున ఒకటొస్తే చదవకపోతావా అని కాగితం తీశాను.

నిన్న మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. మీ వంటింట్లో కొత్త క్యాలెండరు. నెలనెలా ఎర్ర పెన్నుతో ఒక గీత, గీత కింద ఒక ఊరు. జనవరి హంపి, ఫిబ్రవరి రామేశ్వరం, మే బదరీ కేదారం, ఆగస్టు కుంటాల జలపాతం, సెప్టెంబరు పాపికొండలు, నవంబరు అరకు. మధ్యలో ఇంకేవో, నా కళ్ళకి ఆనలేదు. పన్నెండు నెలలకీ పన్నెండు. "అత్తా, నాన్న ప్లాన్ చూశావా" అని కింద నవ్వుతున్న బొమ్మలు పెట్టింది.

చూసి నేనూ నవ్వాను, ముందు. గర్వంగా కూడా అనిపించింది రా. పెళ్ళైన ఏడాది మరదల్ని తిరుపతి తీసుకెళ్ళి, దిగిన మర్నాడే డ్యూటీలో చేరిన ఘనుడివి. సర్కారు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్.టి.సి. ఏళ్ళకి ఏళ్ళు వాడకుండా వదిలేశావు. "లీవు దొరకదక్కా" తప్ప నీ నోట ఇంకో మాట వినలేదు నేను. వచ్చే నెలాఖరుకి రిటైరయ్యి జనవరికల్లా హంపి అంటున్నావంటే, నాన్న ఉంటే వీధంతా చెప్పుకునేవాడు. ఆయన మనల్ని తీసుకెళ్ళింది ఒక్కటే ప్రయాణం కదా, ఇక్కణ్ణించి లాంచీలో భద్రాచలం. నీకు ఆరేళ్ళు. నా చంకలో కూర్చుని ఎడమకాలి చెప్పు గోదాట్లో జారవిడిచి, తిరిగొచ్చిందాకా ఏడ్చావు. నీ చెప్పుల సంగతి నాకు అప్పట్నించీ తెలుసు.

రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. కళ్ళు మూసుకుంటే నీ పన్నెండు ఊళ్ళూ తడి రాళ్ళలాగే కనిపించాయి.

ముందు చిన్న విషయాలు తేల్చేస్తాను. రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు, వెనకటిలా 120 కాదు. సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో పోయింది, దాన్ని లెక్కలో వేసుకోకు. కింది బెర్తు కోటా ఉంది గానీ టిక్కెట్టుకి ఇద్దరికి మించితే వర్తించదు. కాబట్టి నీ ఆఫీసు స్నేహితుల జంటని కలుపుకుని నలుగురికీ ఒకే టిక్కెట్టు తియ్యకు. మందులు చేతిసంచీలో, రెండో జత సూట్‌కేసులో. డబ్బు గురించి నీకు నేను చెప్పడమా, ఆ సీనియర్ సిటిజన్స్ స్కీములో వేస్తావుగా, మూడునెలలకోసారి వచ్చే వడ్డీతో తిరుగు, అసలు ముట్టకు. వచ్చే నవంబరులో అరకు వెళ్ళేముందు పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళు. ఫోన్లో మొహం చూపించినా అయిపోతుందట.

ఇక అసలు సంగతి.

మా రామేశ్వరం ప్రయాణంలో బావగారి కాలు విరిగిందని నీకు తెలుసు. "మెట్టు మీద జారారు" అని అందరికీ చెప్పాను. అది నిజమే గానీ సగమే. మిగతా సగం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఫిబ్రవరి గీత కింద రామేశ్వరం అని రాశావు గనక చెప్తున్నాను.

2012, శివరాత్రికి పది రోజుల ముందు. ఆయన బడి నుంచి రిటైరయ్యి అప్పటికి రెండేళ్ళు. ఏడు రోజుల్లో పదకొండు క్షేత్రాలు చూపిస్తామంటే బస్సెక్కాం. ఎక్కాం అనకూడదు, నేను ఎక్కించాను. నా దగ్గర ఒక నోట్‌బుక్కు ఉండేది, పదకొండు పేర్లూ వరసగా రాసుకుని, దర్శనం కాగానే పక్కన టిక్కు పెట్టేదాన్ని. ఆయన లెక్కల మాస్టారు కదా, దాన్ని చూసి "దేవుళ్ళకి హాజరు వేస్తున్నావే" అని నవ్వేవారు.

రామేశ్వరం ఆరోది. తెల్లవారుజామున సముద్రస్నానం, తరవాత గుళ్ళో 22 తీర్థాలు. తీర్థాలంటే బావులు. గట్టు మీద నిలబడి ఒకడు చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తాడు, మనం తడిబట్టలతోనే ఇంకో బావికి నడవాలి. అన్నీ అయ్యాకే పొడిబట్టలు కట్టుకుని స్వామి దగ్గరికి. మా వెనకా ముందూ వందల మంది, అందరి ఒంటి నీళ్ళూ ఆ రాతి నేల మీదే. పదకొండింటికి బస్సు బయల్దేరుతుందని మేనేజరు పొద్దున్నే చెప్పి పెట్టాడు.

పద్నాలుగో బావి దగ్గర ఆయన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడిపోయారు. "చాలే, నువ్వు చేసిరా, నేనిక్కడ కూర్చుంటాను" అన్నారు. పంచె తడిసి పిక్కలకి చుట్టుకుపోయింది. పెదాలు వణుకుతున్నాయి. అదంతా నేను చూశాను రా చిన్నోడా, చూడకపోవడం కాదు. చూసి కూడా, "ఇంత దూరం వచ్చి ఎనిమిది బావుల కోసం సగం పుణ్యం వదిలేసుకుంటారా? మీకంటే పెద్దవాళ్ళు చేస్తున్నారు" అన్నాను. నలుగురిలో అన్నాను. ఆయన ఒక్కమాట మాట్లాడలేదు. లేచి నడిచారు.

పంతొమ్మిదోది అయి ఇరవయ్యోదానికి పోతుంటే, చిన్న మెట్టు. జానెడు ఎత్తు కూడా లేదు. ఎండుకొబ్బరి చిప్ప విరిచినట్టు చప్పుడు వినిపించింది, తరవాత ఆయన కింద కూర్చుని ఉన్నారు. అరవలేదు. నా వైపు చూసి, "నీ హాజరు పట్టీలో నాకు ఆబ్సెంటు వెయ్యి" అన్నారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారే, ఆ సామెత కట్టినవాడికి అరవై దాటి ఉండవు. ఆ రోజు ముందు నా నోరు జారింది, తరవాత ఆయన కాలు. రెండూ తీసుకోలేకపోయాను.

చీలమండ విరిగిందన్నారు. కట్టు కట్టి, వాపు తగ్గేదాకా కాలు దించొద్దు, బస్సు ప్రయాణం అసలొద్దు అన్నారు. బస్సు వెళ్ళిపోయింది. మా ఆవకాయ సీసా బస్సులోనే కన్యాకుమారి చూసొచ్చింది. మేం మాత్రం ఒక చిన్న లాడ్జిలో తొమ్మిది రోజులున్నాం. అరవం ఒక్క ముక్క రాదు. మూడోరోజుకి లాడ్జి ఓనరు కొడుకు, ఎనిమిదో తరగతి వాడు, లెక్కల పుస్తకం పట్టుకుని ఆయన మంచం దగ్గర చేరాడు. అంకెలకి భాషెందుకు? పొద్దుటా సాయంత్రం ఇద్దరూ అదే పని. వాళ్ళమ్మ మాకు రోజూ రసం పంపేది.

ఏడోరోజున ఆ కుర్రాడే ఆటో తెచ్చి, కాలు సీటు మీద బారజాపించి, పాంబన్ రోడ్డు వంతెన మీదికి తీసుకెళ్ళాడు. పక్కనే కింద రైలు వంతెన. అప్పటికింకా పాతదే, 1914లో కట్టింది, ఓడలొస్తే మధ్యలో రెండు రెక్కల్లా పైకి లేచేది. రైలొచ్చింది. సముద్రం మీద పాకుతున్నట్టు వచ్చింది. ఆయన వాచీ తీసి చూసుకుంటూ కూర్చున్నారు. "రెండు కిలోమీటర్ల పైచిలుకు, తొమ్మిది నిమిషాలు. గంటకి పద్నాలుగు కూడా లేదు. నేను కుంటుతూ దీంతో పందెం వెయ్యొచ్చు" అన్నారు. ఇంకో బండి వచ్చేదాకా కదలనన్నారు. గంటన్నర కూర్చున్నాం. ఎండ, చేపల వాసన, గాలికి నా కొంగు ఆగదు. "ఇది రాసుకో నీ నోట్‌బుక్కులో" అన్నారు. రాశాను. "పాంబన్. ఆటోలో. రెండు బళ్ళు." తరవాత ఆయన ఎవరితో చెప్పినా ఆ సాయంత్రం గురించే చెప్పేవారు. బావుల దగ్గర నేనన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు.

ఆ పట్టీ నా దగ్గరే ఉంది. రామేశ్వరం పక్కన టిక్కు లేదు.

ఇప్పుడు నీ క్యాలెండరు దగ్గరికొస్తాను. కోప్పడకు. ఆగస్టులో కుంటాల కొట్టెయ్. జలపాతం వానాకాలంలోనే బాగుంటుందని నాకూ తెలుసు, పాచి కూడా అప్పుడే బాగుంటుంది. పాపికొండలు సెప్టెంబరులో ఏంటి, బుద్ధుందా? గోదారి ఒడ్డున పుట్టినవాడివి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగి ఏం జరిగిందో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళని అడుగు. నీరు తేరాక, డిసెంబరులో రా, మా ఇంట్లో దిగు, నేనూ వస్తాను. కేదారం 3,500 మీటర్ల పైన, కొండ మీదికి 16 కిలోమీటర్ల పైచిలుకు నడక. నీ బీపీకి డాక్టరు ఊఁ అంటేనే. బదరీకి రోడ్డుంది, మే నెల తోపులాటలో కాకుండా దసరా వెళ్ళాక పోండి. అరకు రైలు హాయిగా ఎక్కండి, సొరంగాల్లో పిల్లల్లాగా కేకలు కూడా పెట్టుకోండి, వలిసెపూలు ఉంటే ఫొటోలు పంపండి. కానీ బొర్రా గుహల్లో పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, మెట్లు చాలా ఉంటాయి, సగం దాకా దిగి రండి. సగం చూసినా గుహే. హంపిలో విఠలాలయానికి బ్యాటరీ బండి ఉంది, నామోషీ పడకుండా ఎక్కు.

ఏ ఊళ్ళోనైనా గది తీసుకునేముందు పరుపు కాదు, స్నానాలగది చూడు. నేల నున్నటి టైల్సయితే ఇంకో గది అడుగు. లేకపోతే పాత తువ్వాలు పరిచి దాని మీద నిలబడు. రాత్రి లేస్తే లైటు వేసుకో, మరదలు లేస్తుందని మొహమాటపడి చీకట్లో తడుముకోకు. గ్రిప్పున్న చెప్పులు రెండు జతలు కొని పంపుతున్నాను. నీ సైజు తెలుసు, మరదలి పాదం సైజు కనుక్కుని రాయి. నువ్వు ఊహించి చెప్పకు, అడిగి రాయి.

అడగడం అంటే గుర్తొచ్చింది. ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి పన్నెండు నెలలూ చూశాను. అన్నీ నీ కోడిగీతలే. మరదలి రాత ఒక్కటి లేదు. ఆ పిల్ల ముప్పై రెండేళ్ళుగా నీ క్యారేజీ కట్టింది, నోరు విప్పి ఇది కావాలనదు. నువ్వు రామేశ్వరమంటే రామేశ్వరం, కేదారమంటే కేదారం, మోకాళ్ళు సలుపుతున్నా నీ వెనకే నడుస్తుంది. మా ఇంట్లో అలా వెనకాల నడిచింది ఆయన. క్రితం ఏడాది పెళ్ళిలో నా పక్కన కూర్చుని అంది, వాళ్ళమ్మ పోయాక అంతర్వేది వైపు వెళ్ళనే లేదట, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలిసే చోట చిన్నప్పుడు ఆడుకునేవాళ్ళట. అది నీ పన్నెండిట్లో లేదు. ఎర్ర పెన్ను నాలుగు రోజులు ఆమె చేతికివ్వు. ఖాళీ నెలలుంటే ఉండనీ. 2027లో గోదావరి పుష్కరాలకి ఎలాగూ ఇక్కడికే వస్తారు, మొదటిరోజు మాత్రం గడప దాటనివ్వను, 2015 పుష్కరాల్లో ఆ రోజు తొక్కిసలాట చూశాం కదా.

ఫిబ్రవరి రామేశ్వరం ఉంచుకోండి. శివరాత్రి రద్దీ తగ్గాక వెళ్ళండి, రెండు రాత్రులైనా ఉండండి. మరదలు ఎన్నో బావి దగ్గర చాలంటే అదే ఆఖరిది. నావి మూడు బాకీ ఉన్నాయి, అవి మీరు తీర్చక్కర్లేదు.

పాత పాంబన్ మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్తది తెరిచారు. మీ బండి దాని మీదే వెళ్తుంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టకుండా, వాచీ చూసి, ఈ చివర్నించి ఆ చివరికి ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు ఫోన్ చేసి చెప్పు. నోట్‌బుక్కులో ఆ పేజీ కింద చోటుంది.

మీ
అక్క