ఆబ్జెక్ట్ తయారు చేయలేని అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ వల్ల ఉపయోగం ఏమిటి?

మీరు జావా నేర్చుకుంటూ అడిగినది ఇది: అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌తో ఆబ్జెక్ట్ చేయలేం కదా, మామూలు పేరెంట్ క్లాస్‌లో ఖాళీ మెథడ్ పెట్టి చైల్డ్ క్లాసుల్లో ఓవర్‌రైడ్ చేసుకుంటే (అదే పేరుతో తిరిగి రాసుకుంటే) సరిపోదా?

పని నడుస్తుంది. కానీ ఆ ఖాళీ మెథడ్ ఎలా దెబ్బతీస్తుందో నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో దగ్గరగా చూశాను. అది నివేదికలు తయారుచేసే ప్రోగ్రామ్. రిపోర్ట్ అనే పేరెంట్ క్లాస్, దాని కింద పీడీఎఫ్, సీఎస్‌వీ క్లాసులు ఉండేవి. వివరాలు రాసే మెథడ్ పేరెంట్‌లో ఖాళీగా ఉండేది. కొత్తగా హెచ్‌టీఎంఎల్ రకం చేర్చినప్పుడు ఆ మెథడ్ పేరులో ఒక అక్షరం తేడా పడింది. కంపైలర్ దాన్ని వేరే మెథడ్ అనుకుని ఊరుకుంది. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ లేకుండా నడిచింది, శీర్షిక తప్ప ఏమీ లేని ఫైళ్లు అందరికీ వెళ్లిపోయాయి. ఇది పేరెంట్ మెథడ్‌ను తిరిగి రాయడమే అని కంపైలర్‌కు చెప్పే ఓవర్‌రైడ్ అనొటేషన్ పెట్టి ఉంటే ఆ అక్షరదోషం బయటపడేది, నిజమే. అసలు మెథడ్ రాయడమే మరిచిపోతే మాత్రం అదీ కాపాడలేదు.

అదే మెథడ్‌ను అబ్‌స్ట్రాక్ట్ అని, అంటే లోపలి కోడ్ లేకుండా పేరు మాత్రమే ఇచ్చి, ప్రకటిస్తే, దాన్ని రాయని చైల్డ్ క్లాస్ కంపైల్ కాదు, ఆ క్లాస్‌ను కూడా అబ్‌స్ట్రాక్ట్ అని ప్రకటిస్తే తప్ప. తప్పు వినియోగదారుడి దాకా వెళ్లకుండా మీ తెరమీదే ఆగిపోతుంది. ఆబ్జెక్ట్ చేయనివ్వకపోవడం కూడా ఇందుకే. ఏ రకమో తేలని ‘రిపోర్ట్’ ఒకటి పుట్టి ఏం రాయాలి?

నాకు అన్నింటికన్నా నచ్చేది ఇంకొకటి. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌లో పూర్తిగా రాసిన మెథడ్లు కూడా ఉండవచ్చు. మేము ఆ ప్రోగ్రామ్‌ను మార్చినప్పుడు ఫైలు తెరవడం, శీర్షిక రాయడం, వివరాలు రాయడం, ఫైలు మూయడం అనే వరుసను పేరెంట్‌లోనే ఒక ఫైనల్ మెథడ్‌గా (చైల్డ్ క్లాసులు మార్చలేనిదిగా) పెట్టాం. శీర్షిక, వివరాలు రాసే మెథడ్లను మాత్రం అబ్‌స్ట్రాక్ట్‌గా వదిలాం. ఆ తరువాత కొత్త రకం చేర్చేవాళ్లు ఫైలు మూయడం మరిచిపోయే అవకాశమే లేకుండా పోయింది. దీన్ని టెంప్లేట్ మెథడ్ అంటారు.

పాలిమార్ఫిజం, అంటే ఒకే పిలుపుకు ఒక్కో రకం ఆబ్జెక్ట్ తన పద్ధతిలో స్పందించడం; దాని ఫలితం కనిపించేది మెథడ్‌ను పిలిచే చోట. అంతకుముందు అక్కడ ‘ఇది పీడీఎఫ్ అయితే ఇలా, సీఎస్‌వీ అయితే అలా’ అంటూ ఇఫ్‌ల వరుస ఉండేది. ఇప్పుడు రిపోర్టుల జాబితా మీద ఒక లూప్, లోపల ఒకే ఒక్క పిలుపు. ఏ క్లాస్ మెథడ్ నడవాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆబ్జెక్ట్ అసలు రకాన్ని బట్టి తేలుతుంది. రేపు మరో రకం వచ్చినా ఆ లూప్‌ను ముట్టుకోనక్కరలేదు. మీ కోడ్‌లో ఆబ్జెక్ట్ ఏ రకమో అడిగే ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పదేపదే కనబడుతుంటే, ఇలా మార్చదగ్గ చోటు కోసం ముందు అక్కడే వెతకండి.

క్లాస్ ఏ మెథడ్లు ఇవ్వాలో చెప్పే ఇంటర్‌ఫేస్ సంగతి క్లుప్తంగా: 2014లో వచ్చిన జావా 8 నుంచి ఇంటర్‌ఫేస్‌లో కూడా డిఫాల్ట్ మెథడ్లు (లోపలి కోడ్‌తో సహా ఉన్నవి) రాయవచ్చు. అయితే ఒక్కో ఆబ్జెక్ట్‌కు విడిగా ఉండాల్సిన ఫీల్డులు అందులో పెట్టలేం. అవి కావాలంటే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్, చేయగలగాల్సిన పనులు చెబితే చాలనుకుంటే ఇంటర్‌ఫేస్. జావాలో ఒక క్లాస్‌కు ఒక్క పేరెంట్ క్లాసే ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క చోటును ఆలోచించి వాడండి.

ఒక జాగ్రత్త. పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌లోంచి (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లోంచి) అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌ను పిలవకండి. చైల్డ్ క్లాస్ కన్‌స్ట్రక్టర్ తన ఫీల్డులను నింపకముందే ఆ మెథడ్ నడుస్తుంది. మీరు విలువ ఇచ్చానని అనుకున్న ఫీల్డు అక్కడ నల్‌గానో (ఖాళీగా) సున్నాగానో కనిపిస్తుంది, కారణం వెతకడానికి చాలా సమయం పోతుంది. ఆబ్జెక్ట్ పూర్తిగా తయారయ్యాక, బయటి నుంచి విడిగా పిలవండి.