ఊహల ట్యాంకులు చేసే అబ్బాయికి మెకానికలా, గేమ్ ఆర్టా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. రెండో ప్రపంచ యుద్ధం ఇంకో ఏడాది సాగి ఉంటే జర్మన్లు ఎలాంటి ట్యాంకులు చేసేవారో ఊహించి, 1/35 స్కేలు మోడళ్లు చేస్తూ కూర్చుంటాడు. విసిగిపోయి కిట్లన్నీ అటకెక్కించాను. వీడియో గేముల బొమ్మలు, 3డీ రూపాలు తయారుచేసే గేమ్ ఆర్ట్ కోర్సు చేస్తానంటున్నాడు. మెకానికల్ మంచిదా, అదా?

జవాబు: అమ్మా, మీ అసలు భయం కోర్సు గురించి కాదు, పిల్లాడు బొమ్మల్లో పడి చెడిపోతున్నాడేమోనని. చెడిపోవడం లేదు. ఒక్క పూటైనా పక్కన కూర్చుని చూడకుండా వాటిని అటకెక్కించడం మాత్రం మీ తప్పే.

ఉదాహరణకు, జర్మన్ల పాంథర్ ట్యాంకుకు 75 మి.మీ. ఫిరంగి తీసి, 88 మి.మీ. ఫిరంగి కేడబ్ల్యూకే 43 పెట్టాలనుకోండి. 1944-45లో జర్మన్ ఇంజినీర్లే దీన్ని కాగితం మీద గీశారు. గొట్టం పొడవు 71 కాలిబర్లు (కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం, ఇక్కడ 88 మి.మీ.), అంటే 6248 మి.మీ., మోడల్‌లో 178.5. అతికించడం సులువే, చిక్కంతా లోపలుంది. టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే గది, కూర్చునే వలయమే టరెట్ రింగు. పాంథర్‌కు దాని వ్యాసం 1650 మి.మీ., మోడల్‌లో 47. ఇదే ఫిరంగిని మోసిన టైగర్-2 ట్యాంకుకు 1850. తూటా కేసు పొడవే 640 నుంచి 822 మి.మీ.కి పెరుగుతుంది. 23.5 మి.మీ. ప్లాస్టిక్ కడ్డీ కోసి ఫిరంగి వెనక తిప్పి చూస్తే లోడర్‌కు, అంటే తూటా నింపే మనిషికి, చోటు చాలుతుందో లేదో తెలుస్తుంది. కేసు ముందు గుండు కూడా ఉంటుందని మరవకూడదు. చోటు చాలదని ఫిరంగిని ముందుకు జరిపితే టరెట్ ముక్కు బరువెక్కుతుంది. రింగు పెంచితే మొత్తం బరువు పెరుగుతుంది. 700 హార్స్‌పవర్ ఇంజిన్ 45 టన్నులకు టన్నుకు 15.6 ఇస్తే, 50 టన్నులకు 14 ఇస్తుంది. 45 టన్నులకే పాంథర్ ఫైనల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తిని చివరగా ట్రాక్‌లకు అందించే భాగం) పళ్లచక్రాలు విరిగేవి. చాలామంది కవచం మందం పెంచి, కింది భాగాలు అలాగే వదిలేస్తారు. మోడల్ నమ్మదగినట్టు లేకపోయేది అక్కడే.

ఈ లెక్కలు మీవాడు వేస్తుంటే అది ఇంజినీరింగే.

గేమ్ ఆర్ట్ డిప్లొమాల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పి వదిలేస్తారు. గేమ్ స్టూడియో చూసేది పోర్ట్‌ఫోలియోను, అంటే చేసిన పనుల సంకలనాన్ని, సర్టిఫికెట్‌ను కాదు. ఫీజు కట్టేముందు పాత విద్యార్థుల పని చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. 3డీ మోడలింగ్ ఇంట్లోనే, ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టవచ్చు.

మెకానికల్ చదివితే చెన్నై దగ్గర ఆవడిలో ట్యాంకుల పరిశోధన చేసే సీవీఆర్‌డీఈ లాంటి చోట్లకు, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని యుద్ధ వాహనాల ఫ్యాక్టరీలాంటి చోట్లకు దారి ఉంటుంది. ప్రవేశాలకు పోటీ గట్టిదే. రూపం మీద ఎక్కువ ఇష్టముంటే ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీ ఉంది, దానికి యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ ఐఐటీ తరగతులు 2008లో మొదలైంది ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవరణలోనే.

ఏ దారికైనా మూడు మోడళ్లు చాలు. ఒక్కోదానికి ఒక పేజీ రాయమనండి: ఏ ఏడాది, ఏ ఫ్యాక్టరీ, ఏం మార్చాడు, బరువెంత పెరిగింది, ఏ ఆలోచన ఎందుకు వదిలేశాడు. పరీక్షలయ్యేదాకా ఆదివారం సాయంత్రాలు చాలు. అటక మీది పెట్టె మాత్రం ఈరోజే దించండి.