పచ్చి చెక్క గిన్నె ఆరేటప్పుడు పగలకుండా ఏం చేయాలి?

పచ్చి దుంగను లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నెగా చెక్కి పెడితే రెండు రోజులకే పగుళ్లిచ్చిందన్నారు. మొదట చూడాల్సింది దుంగ నడిమి దవ్వ గిన్నెలో ఉండిపోయిందా అని. ఆరేటప్పుడు చెక్క తన గుండ్రటి పెరుగుదల వలయాల వెంట ముడుచుకునేది, నడిమి నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి దాదాపు రెండింతలు. ఆ లాగుడు ఎక్కడో ఒకచోట తెగాలి కదా! అందుకే దుంగను దవ్వ మీదుగా నిలువునా చీల్చి, దవ్వను పూర్తిగా తీసేయండి. దుంగ కోసిన వెంటనే కొసలకు మైనం పూయండి, నీరు ఎక్కువగా పోయేది అక్కడి నుంచే.

తర్వాత గిన్నెను ఒకేసారి పూర్తి చేయకండి. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచండి: 10 అంగుళాల గిన్నెకు 1 అంగుళం. మందం అంతటా సమానంగా ఉండాలి, అడుగు మందంగా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. దాన్ని కాగితం సంచిలో చుట్టి, గాలి విసురు, ఎండ తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగాక (నెలలు పట్టొచ్చు) మళ్లీ లేత్‌కెక్కించండి. గిన్నె అప్పటికి కోలగా వంగి ఉంటుంది, ఆ మందం దాచింది దాన్ని సరిచేయడానికే.