ఊరికి దూరంగా కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇద్దరికీ ఉద్యోగ విరమణ అయింది. తారురోడ్డు దిగి మూడు కిలోమీటర్లు మట్టిదారిలో వెళితే వచ్చే పాత ఇల్లొకటి నచ్చింది. అర కిలోమీటరు దాకా ఇరుగుపొరుగు లేరు. కొనే ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: ముందు దారి చూడండి, ఇల్లు తర్వాత. ఎండాకాలంలో ప్రతి మట్టిదారీ బాగానే ఉంటుంది. గట్టి వాన కురిసిన మర్నాడు మామూలు కారులో వెళ్లి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మధ్యలో వాగు ఉంటే కల్వర్టు కింద పారుతోందా, దారి మీద నుంచే పోతోందా గమనించండి. పక్కనున్న కంచె తీగలకు, పొదలకు ఎండుగడ్డి, చెత్త చుట్టుకుని ఉంటాయి. అవి ఎంత ఎత్తున ఉంటే కిందటిసారి నీళ్లు కనీసం అంత ఎత్తున పారాయన్నమాట. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు పట్టు తప్పుతుంది. రెండడుగులైతే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. కాబట్టి అక్కడ ఏడాదిలో కొన్ని రోజులు ఇల్లు కదలకుండా ఉండాల్సిందేనని ముందే లెక్క వేసుకోండి.

ఆ దారి ఎవరి భూమిలోంచి పోతోందో కూడా కనుక్కోండి. ‘అందరూ ఇలాగే వెళుతున్నారండీ’ అన్న మాట చాలదు, నడిచే హక్కు, వాహనం తీసుకెళ్లే హక్కు కాగితం మీద ఉండాలి. ఇక ఆసుపత్రి, మందుల దుకాణం, పెట్రోలు బంకు, మెకానిక్కు ఎంత దూరమో కిలోమీటర్లలో కాక నిమిషాల్లో రాసుకోండి. పగలు ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. రెండు అంకెలకూ తేడా చూసి ఆశ్చర్యపోతారు. కుదిరితే ఒక వానాకాలం అక్కడ అద్దెకుండి ఆ తర్వాత బయానా ఇవ్వండి.

ప్రశ్న: ఇంటి వెనక బావి ఉంది. నీళ్లు తేటగా, రుచిగా ఉన్నాయి. నేరుగా తాగవచ్చా? బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

జవాబు: తేటదనం చూసి నమ్మకండి. రోగక్రిములు, నైట్రేటు, ఫ్లోరైడు, ఆర్సెనిక్ ఇవేవీ కంటికీ నాలుకకూ అందవు. మొదట ల్యాబులో రెండు పరీక్షలూ చేయించండి: ఒకటి రసాయనాలకు, ఒకటి క్రిములకు. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి అదే రోజు చేర్చాలి. ఇంట్లోని కూల్‌డ్రింకు సీసాలో పట్టిస్తే ఆ సీసాలోని క్రిములే లెక్కకొస్తాయి. ఫ్లోరైడో, నైట్రేటో ఎక్కువుందని తేలితే బ్లీచింగూ, మరిగించడమూ రెండూ పనిచేయవు. మరిగిస్తే నీళ్లు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. అలాంటి బావిని వాడకానికి ఉంచుకుని, తాగే నీళ్లకు వేరే దారి చూసుకోవాలి.

క్రిములే సమస్య అయితే లెక్క ఇదీ. గుండ్రటి బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే హెచ్చవేయండి. దాన్ని నీటి లోతుతో, తర్వాత 3.14తో హెచ్చవేసి, 4తో భాగించండి. వచ్చింది ఘనపు మీటర్లు, ఒక్కోటి వెయ్యి లీటర్లు. వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే సుమారు 28,000 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. అంటే ఈ బావికి 70 గ్రాములు. లోతు కొలవడానికి తాడుకు రాయి కట్టి దించి, తడిసినంత మేర కొలిస్తే సరి.

పౌడరును నేరుగా బావిలో చల్లకండి, అందరూ చేసే తప్పు అదే. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో పిండిలా కలిపి, ఉండలు లేకుండా చేసి, ముప్పాతిక బకెట్ దాకా నీళ్లు పోసి కలపండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఇంకో బకెట్లోకి వంచుకుని, అడుగు మడ్డి పారబోయండి. ఆ మడ్డి బావిలో పడితే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. తేరిన నీళ్ల బకెట్‌ను తాడుతో బావి నీళ్లలోకి దించి, పైకీ కిందకీ గట్టిగా కుదిపితే అంతటా కలుస్తుంది. రాత్రి పని ముగించి పొద్దున వాడుకోండి. కనీసం గంటైనా ఆగాలి.

పొద్దున నీళ్లకు లీలగా క్లోరిన్ వాసన రావాలి. వాసనే లేకపోతే పౌడరు పాతబడి ఉండాలి, లేదా నీళ్లలో ఒండ్రు ఎక్కువై క్లోరిన్‌ను తినేసి ఉండాలి. గాలి, వెలుతురు, తేమ తగిలిన పౌడరు బలం పోతుంది. మూత వదులైన డబ్బాలో ఏడాదిగా ఉన్నది వేయడమూ, సున్నం వేయడమూ ఒకటే. క్లోరిన్ పరీక్ష కిట్‌లో గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము చూపిస్తే సరిపోయినట్టు.

ఇంత చేశాక కూడా కొన్ని వారాలకే క్రిములు మళ్లీ కనిపిస్తే మోతాదు పెంచుకుంటూ పోకండి. మురుగు ఎక్కడినుంచో దిగుతోంది. బావి చుట్టూ పగుళ్లు లేని గచ్చు ఉందా, వాలు బయటికి ఉందా, గట్టు ఎత్తుగా ఉందా చూడండి. మరుగుదొడ్డి గుంత బావికి పల్లంలో, కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. 30 అయితే ఇంకా మంచిది. ఈలోగా తాగే నీళ్లు తెర్లే దాకా కాచి, ఆ తర్వాత ఒక నిమిషం మరగనిచ్చి తాగండి.

ప్రశ్న: కరెంటు పోతే నాలుగైదు గంటలు రాదు. ఇన్వర్టరా, జనరేటరా?

జవాబు: దీపాలకు, ఫ్యాన్లకు ఇన్వర్టరు. నీళ్ల మోటారుకు జనరేటరు. రెండిటి పనీ ఒకదానితో చేయించబోతేనే డబ్బు దండగ.

12 వోల్టుల 150 యాంపియర్-అవర్ బ్యాటరీ మీది అంకెలను హెచ్చవేస్తే 1,800 వాట్-అవర్లు (ఎన్ని వాట్లను ఎన్ని గంటలు నడపగలదో చెప్పే లెక్క). లెడ్ యాసిడ్ బ్యాటరీ పది కాలాలపాటు ఉండాలంటే అందులో సగమే వాడాలి. ఇన్వర్టరు నష్టం తీసేస్తే చేతికొచ్చేది సుమారు 800. తొమ్మిది వాట్ల దీపాలు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, పది వాట్ల రూటరు కలిపితే 196 వాట్లు, నాలుగు గంటలు వస్తుంది. అవే ఫ్యాన్లు 30 వాట్లవి పెట్టుకుంటే ఏడు గంటలు దాటుతుంది. కాబట్టి రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ పూర్తిగా చార్జయ్యాక.

జనరేటరును ఇంట్లోనే కాదు, వరండాలో కూడా నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకు ఇరవై అడుగుల అవతల పెట్టండి. ఇంటి వైరింగుకు కలపాలంటే చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైనుకో, జనరేటరుకో ఒక్కదానికే కలిపేది) తప్పనిసరి. అది లేకుండా సాకెట్లోకి ఎక్కిస్తే కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభం మీద పనిచేసే మనిషిని కొడుతుంది. నెలకోసారి పావుగంట లోడు మీద నడిపి, పెట్రోలు కుళాయి కట్టేసి దానంతట అది ఆగేదాకా ఉంచండి. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారడం వల్లే అవసరం పడ్డ రోజు తాడు ఎంత లాగినా అది పలకదు.

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం చేయాలి. ఫోన్లో సిగ్నలు గీతలు రెండే వస్తున్నాయి. చాలతాయా?

జవాబు: గీతలను నమ్మకండి, ఒక్కో ఫోను ఒక్కో రకంగా చూపిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె ఉంటుంది, అది సిగ్నలు బలానికి కొలత. 4జీలో మైనస్ 90 అంటే బాగుంది, మైనస్ 110 అంటే బొటాబొటి, మైనస్ 120 దగ్గర ఆశ వదులుకోవచ్చు. అన్ని కంపెనీల సిమ్‌లతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదికి చూసి రాసుకోండి. అంకె బాగుండీ రాత్రిపూట నత్తనడక నడిస్తే టవరు మీద రద్దీ ఎక్కువైందని అర్థం, దానికి మీ ఇంట్లో వైద్యం లేదు. అంకే తక్కువైతే బయటి యాంటెన్నా తగిలించే వీలున్న సిమ్ రూటరు తెచ్చి, టవరు వైపు తిప్పిన యాంటెన్నాను పైకప్పు మీద పెట్టండి. యాంటెన్నా వైరు పొడుగయ్యేకొద్దీ వచ్చిన లాభం అందులోనే కరిగిపోతుంది. అది అయిదు మీటర్లు దాటకుండా రూటరును పైనే పెట్టి, కిందికి నెట్‌వర్క్ కేబులు దించుకోండి. సిగ్నలు బూస్టర్ల జోలికి పోకండి, చాలా దేశాల్లో అనుమతి లేకుండా పెట్టడం నేరం.

ప్రశ్న: అత్తగారికి గుండె జబ్బు. చుట్టూ పాముల భయం కూడా ఉంది. అంబులెన్సు దారి తప్పితే ఏం చేయాలి?

జవాబు: దారి తప్పుతుందనే అనుకుని సిద్ధపడండి. మీ గేటు దగ్గర నిలబడి ఫోన్ మ్యాపులో అక్షాంశ రేఖాంశాలు చూసి, దశాంశం తర్వాత అయిదు అంకెల దాకా రాసి గోడకు అతికించండి. దాంతో కొన్ని మీటర్లు అటూ ఇటూగా మీ గేటే దొరుకుతుంది. కిందనే తారురోడ్డు దిగే చోటు నుంచి మలుపులు వరసగా రాయండి. ఫోన్ చేశాక ఎవరో ఒకరు టార్చితో రోడ్డు మలుపు దగ్గరికి వెళ్లాలి. ఆమె మందులు, వాటి మోతాదులు రాసిన కాగితం సంచీలో సిద్ధంగా ఉండాలి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, మూడూ కీడే. ఉంగరాలు, కడియాలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడవనివ్వకుండా తీసుకెళ్లండి. కరిచిన సమయం రాసుకోండి. పాముకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కోండి. దగ్గరి ఆసుపత్రిలో అది లేకపోతే అక్కడ పోయే గంట మళ్లీ రాదు.

ప్రశ్న: మోటారు ‘బుయ్‌య్’మంటుంది కానీ తిరగదు. మెకానిక్కు రావాలంటే రెండు రోజులు పట్టేలా ఉంది.

జవాబు: సింగిల్ ఫేజు మోటారైతే చాలాసార్లు తప్పు కెపాసిటరుదే (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా). ముందు స్విచ్ కట్టేయండి, అలా మూలుగుతూ వదిలేస్తే వైండింగు కాలిపోతుంది. మెయిన్ ఆపి, కెపాసిటరు రెండు కాళ్లకూ వైరున్న బల్బును ఆనించి అందులో నిలవున్న కరెంటు దించేయండి, లేకపోతే షాక్ కొడుతుంది. ఉబ్బి ఉన్నా, కారి ఉన్నా మార్చాల్సిందే. మీద రాసిన మైక్రోఫారడ్ అంకె సరిగ్గా అదే ఉండాలి, వోల్టేజి మాత్రం అంతే లేదా ఎక్కువ ఉండవచ్చు. మార్చాకా అలాగే ఉంటే మళ్లీ మెయిన్ ఆపి, పంపు బిగుసుకుందేమో ఫ్యాను వైపు నుంచి చేత్తో తిప్పి చూడండి. ఈసారి పట్నం వెళ్లినప్పుడు కెపాసిటర్లు రెండు, ఫుట్‌వాల్వు (బావిలో పైపు అడుగున ఉండే కవాటం) వాషర్లు నాలుగు తెచ్చి ఆ మోటారు గదిలోనే మేకుకు తగిలించండి.